అడవి, వాగు, సముద్రం ఒక్క రోజులో: పాయింట్ రేయస్ నడకకి ప్లాన్ వేసుకోవడం ఎలా?

బే ఏరియాలో ఉండే మనవాళ్ళకి వీకెండ్ అంటే దేశీ గ్రోసరీ, గుడి, పిల్లల కూచిపూడి క్లాసు, సాయంత్రం ఎవరో ఒకరింట్లో పుట్టినరోజు. వీటి మధ్యలో ఏడాదికి రెండు మూడుసార్లయినా "ఈసారి అందరం కలిసి ఎక్కడికైనా హైకింగ్‌కి పోదాం" అన్న మాట వస్తుంది. మాట వచ్చినంత తేలిగ్గా ప్లాన్ రాదు. పది కుటుంబాలకి ఈమెయిల్ వెళ్తుంది. పులిహోర ఎవరు తెస్తారు, పేపర్ ప్లేట్లు ఎవరు తెస్తారు అన్నది మాత్రం నిక్కచ్చిగా తేలిపోతుంది. ఎన్నింటికి నడక మొదలుపెట్టాలి, ఎన్నింటికి వెనక్కి తిరగాలి అన్నది ఎవరూ అడగరు.

ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో రూమ్మేట్లతో మొదలైన ఈ అలవాటు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లల తరవాత కూడా నన్ను వదల్లేదు. కాకపోతే అప్పుడు నలుగురు కుర్రాళ్ళం, ఇప్పుడు ఆరేళ్ళ పిల్లల నుంచి అరవై ఆరేళ్ళ మామగారి దాకా ఉంటారు. అందుకే ప్లాన్ అవసరం కూడా పెరిగింది. మా బృందంతో నేను చాలాసార్లు వెళ్ళిన ఒక దారిని ఉదాహరణగా తీసుకుని, ఒక పూర్తి రోజు నడకకి లెక్క ఎలా వేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. దారి వేరైనా లెక్క ఇదే.

ఈ దారే ఎందుకు?

శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మరిన్ కౌంటీలో పాయింట్ రేయస్ నేషనల్ సీషోర్ ఉంది. 1962లో ప్రెసిడెంట్ కెనెడీ సంతకంతో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం దాదాపు 71 వేల ఎకరాలు. ప్రవేశ రుసుము లేదు. బేర్ వ్యాలీ విజిటర్ సెంటర్ దగ్గర కారు ఆపి నడక మొదలుపెడితే డగ్లస్ ఫర్ చెట్ల అడవి, దాని పక్కనే వాగు, చివర పసిఫిక్ మహాసముద్రం, మూడూ ఒకే రోజులో చూడొచ్చు.

ఈ వాగుల్లో ఒక తమాషా ఉంది. బయల్దేరిన చోటి నుంచి 1.6 మైళ్ళ దాకా పక్కన పారే బేర్ వ్యాలీ క్రీక్ మనకి ఎదురుగా వస్తుంటుంది. డివైడ్ మెడో అనే గడ్డిమైదానం దాటాక కోస్ట్ క్రీక్ అనే ఇంకో వాగు తోడవుతుంది, అది మనతోపాటే సముద్రం వైపు పారుతుంది. ఒకటి ఉత్తరానికి పోయి టొమాలిస్ బే వైపు, ఇంకొకటి దక్షిణానికి పోయి నేరుగా సముద్రంలోకి. ఆ మైదానమే రెంటికీ మధ్య గట్టు, పేరు కూడా అందుకే వచ్చింది. పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి "వాగు ఎక్కడ తిరగబడిందో కనిపెట్టండి" అంటే మొదటి రెండు మైళ్ళు సణుగుడు లేకుండా నడుస్తారు.

విజిటర్ సెంటర్ ఎదురుగానే 0.6 మైళ్ళ ఎర్త్‌క్వేక్ ట్రెయిల్ ఉంది. ఈ లోయ గుండానే శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ పోతుంది. 1906 భూకంపంలో ఇక్కడి కంచె ఒకటి విడిపోయి దాదాపు 16 అడుగులు పక్కకి జరిగింది. ఆ సంగతి తెలియడానికి కంచెని అలాగే నిలబెట్టి చూపిస్తారు. దూరం నడవలేని పెద్దవాళ్ళకి ఇది మంచి కాలక్షేపం.

చేరుకోవడం

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గంటా, గంటన్నర. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసే వైపు నుంచి అయితే రెండు గంటలు లెక్క వేసుకోండి. ఈస్ట్ బే వాళ్ళకి రిచ్‌మండ్-శాన్ రఫేల్ బ్రిడ్జి దగ్గర దారి. దాని మీద టోల్ వెళ్ళేటప్పుడు పడుతుంది. గోల్డెన్ గేట్ మీదుగా వెళ్తే టోల్ తిరుగు ప్రయాణంలో పడుతుంది. రెండు చోట్లా నగదు తీసుకోరు, ఫాస్ట్‌ట్రాక్ ఉంటే హాయి. 101 దిగాక సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ రోడ్డు మీద ఒలీమా దాకా పోవాలి. ఆ రోడ్డు మలుపులెక్కువ. కార్లో వాంతులయ్యే పిల్లలుంటే ఇడ్లీ సాంబారు తినిపించి బయల్దేరకండి. పెట్రోలు శాన్ రఫేల్ దగ్గరే నింపుకోండి.

రెండు దారులు

తేలిక దారి: బేర్ వ్యాలీ ట్రెయిల్ మీదే తిన్నగా సముద్రం దాకా పోయి అదే దారిన రావడం. పోను 4.1 మైళ్ళు, రాను 4.1, మొత్తం 8.2. పాత బండి బాట కాబట్టి వెడల్పుగా, దాదాపు చదునుగా ఉంటుంది. డివైడ్ మెడో దాకా రెండు వందల అడుగుల పైచిలుకు ఎక్కుడు, అంతే.

పెద్ద దారి: బేర్ వ్యాలీ ట్రెయిల్ మీద 0.2 మైళ్ళు పోగానే కుడి వైపు మౌంట్ విటెన్‌బర్గ్ ట్రెయిల్ వస్తుంది. అక్కడినుంచి రెండు మైళ్ళ లోపు దూరంలో 1,200 అడుగుల పైగా ఎక్కాలి. పిక్కలు పట్టేసేది ఇక్కడే. పైన స్కై ట్రెయిల్ పట్టుకుని గుట్ట వెన్ను మీదుగా దక్షిణానికి నడిచి, కోస్ట్ ట్రెయిల్‌కి దిగి, సముద్రాన్ని కుడి పక్కన పెట్టుకుని కాసేపు నడిచి, బేర్ వ్యాలీ ట్రెయిల్ మీదుగా తిరిగి రావాలి. మొత్తం దాదాపు 11 మైళ్ళు, ఎక్కుళ్ళన్నీ కలిపి 1,600 అడుగుల చుట్టూ. విటెన్‌బర్గ్ శిఖరం 1,407 అడుగులు, ఓపికుంటే చిన్న పక్కదారిలో పోయి చూసి రావచ్చు.

పెద్ద దారిని ఎప్పుడూ ఈ దిశలోనే నడవండి. కష్టమైన ఎక్కుడు పొద్దున్నే నీడలో అయిపోతుంది. సాయంత్రం కాళ్ళు పీకుతున్నప్పుడు చదునైన, వెడల్పైన, దారి తప్పడానికి వీల్లేని బాట మిగులుతుంది.

సమయం లెక్క

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకి రిలీజ్ డేట్ నుంచి వెనక్కి లెక్క కట్టినట్టే, నడకకి సూర్యాస్తమయం నుంచి వెనక్కి కట్టాలి. ముందుకి కడితే ఎప్పుడూ సరిపోయినట్టే కనిపిస్తుంది.

నడక వేగానికి పాత సూత్రం ఒకటి ఉంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పినది. ప్రతి 3 మైళ్ళకి ఒక గంట, దానిమీద ప్రతి 2,000 అడుగుల ఎక్కుడికి ఇంకో గంట. ఇది అలవాటున్నవాళ్ళు ఆగకుండా నడిస్తే పట్టే కాలం. పిల్లలు, పెద్దలు, ఫొటోలు, "ఒక్క నిమిషం ఆగండి" అన్నీ ఉన్న మన బృందాలకి దాన్ని ఒకటిన్నర రెట్లు చెయ్యాలన్నది నా అనుభవం. భోజనానికి 45 నిమిషాలు వేరే.

పెద్ద దారికి అక్టోబరు మధ్యలో లెక్క చూద్దాం. ఆ రోజుల్లో సూర్యాస్తమయం సుమారు 6:30. లోయలో, చెట్ల కింద అంతకు చాలా ముందే చీకటి పడుతుంది కాబట్టి 5:30కల్లా కారు దగ్గర ఉండాలి. సముద్రం దగ్గర నుంచి తిరుగు దారి 4.1 మైళ్ళకి నైస్మిత్ లెక్క గంటా ఇరవై, మనకి రెండు గంటలు, విశ్రాంతికి పావుగంట. అంటే సముద్రం దగ్గర మూడు గంటలకి లేవాలి. ఉదయం భాగం సుమారు 7 మైళ్ళు, 1,500 అడుగుల ఎక్కుడు. నైస్మిత్ లెక్క మూడు గంటల పైన, మనకి నాలుగున్నర. తొమ్మిదికి మొదలుపెడితే ఒంటిగంటన్నరకి సముద్రం, రెండుంబావుకి భోజనం పూర్తి. చేతిలో ముప్పావుగంట మిగులు. తొమ్మిదికి నడక అంటే ఎనిమిదిన్నరకి పార్కింగ్, ఆరున్నరకి ఇంటి దగ్గర బయల్దేరడం.

అదే నవంబరు మధ్యలో అయితే గడియారాలు మార్చేసి ఉంటారు, సూర్యాస్తమయం ఐదింటికే. నాలుగింటికి కారు దగ్గర ఉండాలంటే సముద్రం దగ్గర 1:40కే లేవాలి, మనం చేరేదే ఒంటిగంటన్నరకి. లెక్క కుదరదు. ఆ నెలలో తేలిక దారే. 8.2 మైళ్ళకి నాలుగు గంటలు, భోజనం, విశ్రాంతి కలిపి ఐదుంబావు. తొమ్మిదిన్నరకి మొదలుపెట్టినా మూడింటిలోపు అయిపోతుంది. జూన్‌లో 8:35 దాకా వెలుతురు ఉంటుంది, డిసెంబరులో 4:50కే పోతుంది. ఒకే దారి నెలని బట్టి రెండు వేరు వేరు ప్రయాణాలు.

మొహమాటానికి మందు: ముందే రాసుకున్న టైము

మనవాళ్ళ నడకల్లో నిజమైన ప్రమాదం పులి కాదు, పాము కాదు, మొహమాటం. కాలు నొప్పిగా ఉన్నవాళ్ళు చెప్పరు, పదిమంది ఆనందం పాడవుతుందని. ముందు నడిచేవాళ్ళు "ఇంకెంత, ఇదిగో వచ్చేసింది" అంటారు. టైము దాటిపోయిందని తెలిసినవాడు కూడా అంత దూరం వచ్చి సముద్రం చూడకుండా పోదామని ఎలా అంటాడు? అలా అందరూ మంచితనంతోనే చీకట్లో పడతారు.

దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. వెనక్కి తిరిగే టైము గురువారమే రాసి అందరికీ పంపేయడం. శనివారం మధ్యాహ్నం ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు, కాగితం చెప్తుంది. పెద్ద దారిలో ఇలా నిర్ణయం తీసుకోవడానికి సరిగ్గా కుదిరే చోట్లు మూడున్నాయి. ఎందుకంటే గుట్ట వెన్ను మీద నుంచి కిందనున్న బేర్ వ్యాలీ ట్రెయిల్‌కి మూడు అడ్డదారులు దిగుతాయి.

1. మెడో ట్రెయిల్: గుట్ట ఎక్కాక మొదట వచ్చేది. సుమారు ఒకటిన్నర మైళ్ళు దిగితే బయల్దేరిన చోటికి ఒక మైలు లోపే తేల్తారు. గుట్ట మీదికి 11 గంటలకి చేరాలి. 11:45 దాటితే ఇక్కడే దిగిపోండి.

2. ఓల్డ్ పైన్ ట్రెయిల్: రెండోది. సుమారు రెండు మైళ్ళు, డివైడ్ మెడో దగ్గర దిగుతుంది. ఎవరికైనా మోకాలు మొరాయిస్తే ఒకరు తోడుగా ఇటు తీసుకెళ్ళి మైదానంలో కూర్చోవచ్చు. మిగతావాళ్ళు తిరుగు దారిలో అక్కడికే వస్తారు.

3. బాల్డీ ట్రెయిల్: మూడోది, ఒక మైలు పైచిలుకు. ఇక్కడికి 12:30కి రావాలి. 1:15 దాటితే సముద్రం ఆశ వదులుకుని దిగండి. కింద కలిసే చోటు నుంచి కారు దాకా ఇంకో మూడు మైళ్ళ పైన ఉంటుంది.

మధ్యలో వుడ్‌వర్డ్ వ్యాలీ ట్రెయిల్ అని ఇంకొకటి కుడివైపుకి చీలుతుంది. అది కారు వైపు కాదు, సముద్రం వైపు పోతుంది. అలసిపోయి దిగుడు కనబడగానే అటు తిరగకండి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చేది ఆరు నెలలకి. వాళ్ళకి ఏమైనా చూపించాలన్న ఆరాటం మనకి, మనని ఇబ్బంది పెట్టకూడదన్న ఆరాటం వాళ్ళకి. మా మామగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఎన్నిసార్లు అడిగినా "నాకేం, బాగానే ఉన్నాను, మీరు నడవండి" అనేవారు. ఆయన ఆగి "ఈ చెట్టు పేరేమిటి?" అని అడిగారంటే అలసిపోయారని అర్థమని మా ఆవిడ కనిపెట్టింది. అప్పటినుంచి ఆయన చెట్టు పేరు అడగ్గానే అందరం కూర్చుంటున్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఇలాంటి గుర్తు ఏదో ఒకటి ఉంటుంది, కనిపెట్టండి.

నెమ్మదిగా నడిచేవాళ్ళని వెనక పెట్టకండి, ముందు పెట్టండి. వెనక ఉంటే ఏమవుతుందంటే, ముందు వెళ్ళినవాళ్ళు పదినిమిషాలు కూర్చుని, వీళ్ళు రాగానే లేచి నడుస్తారు. విశ్రాంతి అవసరం లేనివాళ్ళకి విశ్రాంతి, అవసరమైనవాళ్ళకి సున్నా. ముందున్నవాళ్ళ వేగమే బృందం వేగం కావాలి, చివర ఒక అలవాటున్న మనిషి ఉండాలి.

అంతకంటే మంచి పద్ధతి బృందాన్ని మొదట్లోనే రెండుగా చెయ్యడం. ఒక బృందం పెద్ద దారి. రెండో బృందం డివైడ్ మెడో దాకా పోయి రావడం, మొత్తం 3.2 మైళ్ళు, మైదానంలో భోజనం, తరవాత ఎర్త్‌క్వేక్ ట్రెయిల్. రెండో బృందంతో కారు నడపగలిగిన ఒకరు తప్పకుండా ఉండాలి, కారు తాళం వాళ్ళ దగ్గరే ఉండాలి. ఇది పెద్దవాళ్ళని పక్కన పెట్టడం కాదు. "మీకోసం మేమూ తొందరగా తిరిగొస్తాం" అన్న మాట అందులోనే ఉంది.

బీపీ, షుగర్ మందులు కార్లో కాదు, వాళ్ళ సంచీలోనే ఉండాలి. షుగర్ ఉన్నవాళ్ళ జేబులో గ్లూకోజ్ బిళ్ళలో, చాక్లెట్లో పెట్టండి. మోకాళ్ళకి కష్టం ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ, చేతికర్రలు రెండుంటే చాలా తేడా తెలుస్తుంది. చెప్పులతో, కొత్త బూట్లతో రానివ్వకండి. వారం ముందు నుంచి బూట్లు తొడిగించి కాలనీలో తిప్పండి.

ఏ కాలంలో వెళ్ళాలి?

సెప్టెంబరు, అక్టోబరు అన్నిటికన్నా మంచివి. ఆకాశం తేటగా ఉంటుంది, సముద్రం దూరం నుంచే కనిపిస్తుంది. మార్చి నుంచి మే దాకా అడవిపూలు, గాలి ఎక్కువ. జూన్ నుంచి ఆగస్టు దాకా పొగమంచు. శాన్ హోసేలో 90 డిగ్రీలు కాస్తుంటే ఇక్కడ తీరంలో 55 ఉన్నా ఆశ్చర్యం లేదు. "ఎండాకాలం కదా" అని పిల్లలకి చేతుల్లేని చొక్కాలు వేసి తేకండి. చలికాలంలో వానలు, బురద, కూలిన చెట్లు.

2020 ఆగస్టులో పిడుగు పడి మొదలైన వుడ్‌వర్డ్ ఫైర్ ఇక్కడ దాదాపు 5 వేల ఎకరాలు కాల్చింది. గుట్ట మీద దారిలో మాడిన మానులు కనిపిస్తాయి. వాటికింద కొత్త పచ్చదనం చూడముచ్చటగా ఉన్నా, గాలి గట్టిగా వీచే రోజు ఎండిన మానుల కింద కూర్చుని భోజనం చెయ్యకండి.

సంచీలో ఏముండాలి?

సియాటిల్‌లోని మౌంటెనీర్స్ అనే సంఘం 1930లలో "పది అత్యవసరాలు" అని ఒక జాబితా తయారుచేసింది. నడిచేవాళ్ళందరూ ఇప్పటికీ దాన్నే పాటిస్తారు: దారి తెలిసే సాధనం, తలకి కట్టుకునే దీపం, ఎండ నుంచి రక్షణ, ప్రథమ చికిత్స, చిన్న కత్తి, నిప్పు, తలదాచుకునే పట్టా, అదనపు తిండి, అదనపు నీళ్ళు, అదనపు బట్టలు. ఒకరోజు నడకకి ఇన్నెందుకు అనిపిస్తుంది. కాలు మెలికపడి ఒక రాత్రి అక్కడే ఉండాల్సి వస్తే ఏం కావాలో అదే ఈ జాబితా. నిప్పు అంటే అత్యవసరానికి అగ్గిపెట్టె మాత్రమే, దారి పక్కన మంటలు వెయ్యడానికి అనుమతి లేదు. ఫోన్ లైటు దీపం కాదు, అది వెలిగిస్తే సహాయానికి పిలవాల్సిన ఫోనే చచ్చిపోతుంది.

జీన్స్, నూలు చొక్కాలు ఒంటికి అలవాటే కానీ, చెమటకో మంచుకో తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. పాలియెస్టరో ఊలో వేసుకోండి. ఒక మందపాటి కోటు కన్నా పల్చటివి మూడు మేలు. ఎక్కేటప్పుడు విప్పి, ఆగినప్పుడు తొడుక్కోవచ్చు.

తిండి, నీళ్ళు

పెద్దవాళ్ళకి నడిచే ప్రతి గంటకి అర లీటరు లెక్కన మనిషికి మూడు లీటర్లు. విజిటర్ సెంటర్ దాటితే ఈ దారిలో తాగే నీళ్ళు దొరకవు. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా వడపోత సాధనం లేకుండా తాగకూడదు.

భోజనం విషయంలో మన వంటలు మనకి వరం. చింతపండు పులిహోర, చపాతీలో చుట్టిన బంగాళాదుంప వేపుడు, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు. పెరుగన్నం మీద ప్రాణం ఉన్నవాళ్ళు ఐస్ ప్యాక్ మధ్యలో పెట్టి తెండి. చల్లగా ఉంచాల్సిన పదార్థాలు బయట రెండు గంటలు, 90 డిగ్రీలు దాటితే ఒక గంట మించి ఉంచకూడదని ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్తుంది. నడక మొదలైన గంటకే కొంచెం కొంచెం తినడం మొదలుపెట్టాలి, ఆకలేసేదాకా ఆగితే పిల్లలు మొండికేస్తారు. నారింజ తొక్కతో సహా చెత్తంతా సంచీలో వెనక్కి రావాలి. కాకులకీ, రకూన్లకీ ఏమీ పెట్టకండి.

అడవిలో జాగ్రత్తలు

అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది పాయిజన్ ఓక్. మారేడు దళంలా మూడేసి ఆకులు, మెరుస్తూ ఉంటాయి, ఎండాకాలం చివర ఎర్రబడతాయి. మన ఊళ్ళలో బట్టలకి గుర్తు పెట్టడానికి వాడే నల్లజీడి రసం ఒంటికి తగిలితే ఎలా పొక్కుతుందో ఇదీ అలాగే పొక్కిస్తుంది. కారణం ఏమిటంటే ఈ మొక్కా, నల్లజీడీ, జీడిమామిడీ, మామిడీ అన్నీ ఒకే కుటుంబం. చలికాలంలో ఆకులు రాలిపోయినా కొమ్మలకి ఆ గుణం పోదు. తగిలిందని అనుమానం వస్తే వీలైనంత త్వరగా సబ్బుతో కడగాలి. ఇంటికెళ్ళాక బట్టలు విడిగా ఉతకాలి.

రెండోది పిడుదులు. పశువులకి పట్టేవాటి జాతివే. వీటివల్ల లైమ్ జబ్బు రావచ్చు. గడ్డిలో నడవకుండా బాట మధ్యలో నడవడం, ప్యాంటు చివర మేజోళ్ళలోకి దోపుకోవడం, ఇంటికెళ్ళాక చెవుల వెనక, మోకాళ్ళ వెనక, నడుము చుట్టూ చూసుకోవడం. పిల్లలకి మీరే చూడండి.

మౌంటెన్ లయన్లు ఉన్నాయి కానీ కనబడడం చాలా అరుదు. కనబడితే పరుగెత్తకూడదు. ఎదురుగా నిలబడి, చేతులెత్తి పెద్దగా కనిపిస్తూ, గట్టిగా అరుస్తూ, పిల్లల్ని ఎత్తుకోవాలి.

సముద్రం దగ్గర

విశాఖ బీచిలోనో, సూర్యలంకలోనో మోకాలి లోతు దిగి ఆడుకున్న అలవాటు ఇక్కడ పనికిరాదు. నీళ్ళు ఏడాది పొడవునా చల్లగా ఉంటాయి, లాగేసే ప్రవాహాలుంటాయి. చాలాసేపు చిన్న అలలు వచ్చి, ఉన్నట్టుండి ఒక పెద్ద అల ఒడ్డు మీదికి దూసుకొస్తుంది. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగకండి. కెల్‌హమ్ బీచికి దిగాలనుకుంటే ఆ రోజు ఆటుపోట్ల వేళలు ముందే చూసుకుని, నీరు తగ్గుతున్నప్పుడే దిగండి.

గట్టు అంచులు ఇంకా ప్రమాదం. ఈ కొండచరియలు గట్టి రాయి కాదు. 2015 మార్చి 21న బేర్ వ్యాలీ దారి చివరనే ఉన్న ఆర్చ్ రాక్ గట్టు, మీద మనుషులు ఉండగానే కూలింది. ఇద్దరు కిందపడ్డారు, వారిలో ఒకరు చనిపోయారు. పగులు కనిపించిందని పార్కువాళ్ళు కొద్దిరోజుల ముందే హెచ్చరిక పెట్టి ఉన్నారు. అంచుకి చాలా దూరంగా కూర్చుని చూసినా సముద్రం అదే.

ఫోను సంగతి

ఈ దారిలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాపు ఇంటి దగ్గరే ఫోన్‌లోకి దింపుకోండి, కాగితం మ్యాపు విజిటర్ సెంటర్‌లో తీసుకోండి. ఐఫోన్ 14 నుంచి ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే సదుపాయం ఉంది, 2022 నవంబరులో మొదలైంది. బృందంలో అలాంటి ఫోన్ ఎవరి దగ్గరుందో ముందే తెలుసుకోండి. చెట్లు దట్టంగా ఉన్నచోట అది కూడా కష్టపడుతుంది. అన్నిటికన్నా నమ్మకమైనది ఇంట్లో ఉన్న ఒకరికి "ఫలానా దారిలో వెళ్తున్నాం, ఎనిమిదింటికల్లా ఫోన్ చెయ్యకపోతే పార్కుకి ఫోన్ చెయ్యి" అని చెప్పి రావడం.

సియాటిల్ వైపు వాళ్ళకి

ఒలింపిక్ నేషనల్ పార్కులో ఒజెట్ సరస్సు దగ్గర ఇలాంటిదే ఒక త్రికోణపు దారి ఉంది. అడవిలో చెక్క పలకల బాట మీద సుమారు మూడు మైళ్ళు, సముద్రం ఒడ్డున మూడు మైళ్ళు, మళ్ళీ అడవిలో మూడు. అక్కడ సూర్యాస్తమయంతోపాటు పోటు వేళ కూడా లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే పోటు మీదున్నప్పుడు కొన్ని కొండ ముక్కుల్ని కిందనుంచి దాటడం కుదరదు. తడిసిన పలకలు బాగా జారతాయి. ఊళ్ళ నుంచి ప్రయాణం కూడా చాలా ఎక్కువ, ముందు రాత్రి దగ్గర్లో బస చెయ్యడం మంచిది.

గురువారం పంపాల్సిన ఈమెయిల్

మేము పంపేది ఇలా ఉంటుంది. మీకు కావలసినట్టు మార్చుకుని వాడుకోండి.

- ఏ దారి, ఎన్ని మైళ్ళు, ఎంత ఎక్కుడు. ఎవరు పెద్ద బృందం, ఎవరు చిన్న బృందం.
- పార్కింగ్‌లో 8:30, నడక 9:00. 9:15 దాటి వచ్చినవాళ్ళు చిన్న బృందంతో.
- గుట్ట మీద 11:00, బాల్డీ దగ్గర 12:30, సముద్రం దగ్గర లేచేది 3:00, కారు దగ్గర 5:30.
- ముందు నడిచేది ఎవరు, చివర నడిచేది ఎవరు, ప్రథమ చికిత్స ఎవరి సంచీలో.
- మనిషికి 3 లీటర్ల నీళ్ళు, తల దీపం, చలికోటు, మందులు.
- ఆ దారుల్లో కుక్కలకి అనుమతి లేదు, డ్రోన్లకి లేదు.
- శుక్రవారం రాత్రి పార్కు వెబ్‌సైట్‌లో మూసేసిన దారులు, వాతావరణం, ఆటుపోట్లు చూసి తుది మాట చెప్పేది ఎవరు.

చివరి వాక్యం మాత్రం మార్చకండి: "కాలు నొప్పిగా ఉంటే వెంటనే చెప్పండి, అందరం కలిసి దిగిపోదాం, సముద్రం వచ్చే నెల కూడా అక్కడే ఉంటుంది." అది చదివిన మా మామగారు ఆ రోజు ఓల్డ్ పైన్ ట్రెయిల్ దగ్గర చెట్టు పేరు అడగలేదు. "నేను ఇక్కడ దిగుతానమ్మా" అన్నారు.